ఆరో హోటల్

ఆదివారం పొద్దున్న టిఫిన్ ప్లేట్లు ఇంకా బల్ల మీద ఉండగానే ఆవిడ లాప్‌టాప్ తెరిచింది. మధ్యధరా సముద్రంలో ఓ చిన్న దీవి. కొండవాలున తెల్లటి ఇళ్ళు, కింద నీలం నీళ్ళు. ఇద్దరికీ సెలవులు మంజూరై నెల దాటింది. ఉండడానికి గది ఒక్కటే తెమలడం లేదు.

"ఇది చూడండి. కిటికీ తీస్తే సముద్రమే!"

ఆయన మెడ సాచి చూశాడు. "అన్ని మెట్లా? లిఫ్టులు బాగుచేసుకు బతికేవాణ్ణి, నన్ను మెట్లెక్కిస్తావా?"

"నిన్నటిది కిందే ఉందిగా?"

"బాత్రూమ్ గది బయట ఉంది."

"మొన్నటిది?"

"జనం ఎక్కువ."

ఇది ఆరో హోటల్. స్కూలు ఆఫీసులో గుమాస్తాగా ముగ్గురు హెడ్మాస్టర్లతో వేగిన మనిషి ఆవిడ. ఈ ఒక్క మనిషితో వేగలేకపోతోంది.

"పోనీ, విమానం టికెట్లయినా తీసేద్దామా?"

"గంటల తరబడి కదలకుండా కూర్చోవాలి. చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే'తో ఆవిడకి ఒళ్ళు మండింది. లాప్‌టాప్ టప్పున మూసేసింది.

"రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క చెప్పండి. నెల్లాళ్ళుగా నన్నెందుకిలా ఆడిస్తారు?"

"ఇష్టం లేదని ఎవరన్నారు?"

"వేరే అనాలా? మీ ఆపరేషనప్పుడు ఇరవై రోజులు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. వార్డు గోడకి ఈ దీవి ఫొటో ఉండేది. మీరు లేచి తిరిగితే ఇక్కడికే వెళ్ళాలనుకుంటూ ఒక్కో రోజూ నెట్టుకొచ్చాను. మీకేమో ఆటగా ఉంది! నేనొక్కదాన్నే పోతా. మీరు హాయిగా ఇంట్లో ఉండండి!"

ఆయన చెయ్యి పొట్ట ఎడమవైపుకి వెళ్ళింది. పేగు ఆపరేషన్ తర్వాత మలం బయటికి రావడానికి అక్కడో సంచి అతికించారు. ఏడాదిగా ఇంట్లో దాని ఊసే రాదు. అలవాటైపోయిందనే ఆవిడ అనుకుంది.

"పోయిన నెల బస్సులో ఇది ఊడింది," అన్నాడు చివరికి. "పక్కనున్నాయన ముక్కు మూసుకుని లేచిపోయాడు. దారిలోనే దిగేసి నడిచొచ్చాను."

"ఆ వాన రోజా? గొడుగు మర్చిపోయానన్నారే?"

"బ్యాగులోనే ఉంది. చొక్కా మీద మరక పోవాలిగా... వానలో నిలబడ్డాను."

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఇల్లంతా బురద చేశారని గయ్యిమని లేచింది తను. పైగా గొడుగు మర్చిపోవడానికి బుద్ధి ఏమైందని కూడా అడిగింది.

"విమానంలో అలా అయితే? ఎయిర్‌పోర్టులో తనిఖీవాళ్ళు చొక్కా ఎత్తమంటే? ఒడ్డున అందరూ చొక్కాలు విప్పుకుని తిరుగుతుంటే, నీ పక్కన నేను..."

"నాతో చెప్పొచ్చుగా? నేనేమన్నా పరాయిదాన్నా?"

"ఇరవై రోజులు కుర్చీలో కూర్చున్నదానివి. ఇంకా ఎంతని పెట్టను నీ నెత్తిన?"

"ఈ నెల్లాళ్ళు పెట్టిందేమిటి మరి?" అంటూనే ఆవిడ బావురుమంది. కోపం పోలేదు. కాకపోతే ఇప్పుడది తనమీదికే తిరిగింది. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని, ఆ చేతి మీద తన చెయ్యి వేసి చాలాసేపు కూర్చుంది.

మర్నాడు ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. ఈ సంచుల సంగతి చూసే నర్సు పరీక్షించి తల పట్టుకుంది.

"సైజు ఎప్పుడో మార్చాల్సింది. అందుకే ఊడింది. వచ్చి చెబితేగా! దీనితో ఈత కొట్టేవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు. తనిఖీవాళ్ళకి చూపించడానికి ఉత్తరం ఇప్పిస్తాను. ఇంతకీ ప్రయాణం ఎప్పుడు?"

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ గట్టిగా నిట్టూర్చాడు.

"ఇంకా గదే దొరకలేదండీ. మా ఆవిడకి ఏదీ నచ్చి చావదు."

ఆవిడ నోరు తెరిచింది. తిట్టబోయింది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కళ్ళ వెంట నీళ్ళూ వచ్చాయి. నర్సు ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.