ఇరవై ఎనిమిది సెకన్ల నిశ్శబ్దం

సినిమా కళాశాల రెండో అంతస్తులో, మెట్లకు ఎడమవైపున ఉన్న ఎడిటింగ్ గదికి కిటికీ ఉన్నా లేనట్టే. దాని మీద వేసిన నల్లటి దళసరి తెరను ఏళ్ల తరబడి ఎవరూ తొలగించలేదు. బయట పొద్దెక్కినా వాలినా ఆ గదిలో ఒకటే వేళ. వేడెక్కిన తీగల వాసన, పాత తివాచీ వాసన, ఎవరో ఎప్పుడో ఒలకబోసిన టీ వాసన కలిసి అక్కడ కాపురం చేస్తున్నాయి. ఆ ఉదయం తొమ్మిది గంటలకు చిన్ని అక్కడ కూర్చుని, అన్నయ్య గొంతును కత్తిరించడానికి ధైర్యం కూడగట్టుకుంటోంది.

అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. అతడు సౌండ్ రికార్డిస్టు. పుట్టినప్పటి నుంచి ఉబ్బసం. రొమ్ములోని పిల్లికూతలను అదిమిపెట్టుకుని, లోకంలోని కూతలన్నిటినీ మైకులో పట్టిన మనిషి. అన్నాచెల్లెళ్లు కలిసి తీసిన చివరి చిత్రం పదకొండు నిమిషాలది. ఒక ముసలి దర్జీ తన కొట్టు మూసేసే ముందు ఆఖరి కోటు కుడతాడు, అంతే కథ. అన్నయ్యతో పాటు అదీ సగంలోనే ఆగిపోయింది. ఊళ్లో ఏటా జరిగే చిన్న చిత్రాల ఉత్సవానికి ఈ సాయంత్రంలోగా దాన్ని అందజేయాలి. తెర మీద అన్నయ్య పేరు ఒక్కసారైనా పడాలని చిన్ని పట్టుదల. అది అన్నయ్య కోసం కాదు. తిన్నావా అంటే తిన్నానని, పడుకున్నావా అంటే పడుకున్నానని చెబుతూ, రోజురోజుకూ పూచికపుల్లలా అయిపోతున్న అమ్మ కోసం.

వచ్చిన చిక్కల్లా శబ్దంతోనే. దర్జీ కొట్టు పక్కనున్న దుకాణంలో ఫ్రిజ్జు రొద సంభాషణల నిండా పాకింది. దాన్ని తుడిచేస్తే మాటల మధ్య శూన్యం మిగులుతుంది. ఆ శూన్యాన్ని పూడ్చడానికి వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. చిత్రీకరణ ముగిశాక, ఆ గదిలోని వట్టి నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేసి పెట్టుకుంటారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఒకదానిది మరొకదానికి అతకదు. ఆ కాసేపూ అందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడాలి. రికార్డిస్టు 'చాలు' అనేదాకా కాలు కదపకూడదు, దగ్గకూడదు.

ఆ రోజు అన్నయ్య పట్టిన నిశ్శబ్దం చిన్ని చేతిలో ఉంది.

"దర్జీ కొట్టు. గది నిశ్శబ్దం. ఎవరూ కదలకండి." ఆ తరువాత అతడు గుండెల నిండా గాలి పీల్చుకున్న చప్పుడు. తన పిల్లికూత రికార్డులో పడకూడదని ఊపిరి బిగబట్టేవాడు. ఇరవై ఎనిమిది సెకన్ల మౌనం. ఆ పైన బుస్సుమని వదిలిన ఊపిరి, దాని వెంట నవ్వు. "చాలు. ఇక ఊపిరి పీల్చుకోండర్రా."

చిన్ని మొదటి మాటలను కత్తిరించింది. చివరి ఊపిరినీ, నవ్వునూ, 'చాలు'నూ కత్తిరించింది. ఎడిటింగ్ నేర్చిన ఎవరైనా చేసే పనే అది. మిగిలిన ఇరవై ఎనిమిది సెకన్ల ముక్కకు నకళ్లు తీసి, ఒకదాని వెనుక ఒకటి అతికి, చిత్రం పొడవునా పరిచింది. అతుకుల దగ్గర మాత్రం ఆపి ఆపి విని చూసింది. అతుకు ఎక్కడా వినిపించలేదు.

పదకొండు గంటలకు నిచ్చెన వచ్చాడు. చిత్రానికి కెమెరా పట్టినవాడు. గుమ్మం దాటాలంటే తల వంచుకోవలసినంత పొడగరి కాబట్టి తరగతిలో అందరికీ నిచ్చెనే.

"ఏమే, పొద్దున్నుంచీ ఏమీ తినలేదట? నువ్వూ అమ్మా కలిసి ఉపవాసాల పోటీ పెట్టుకున్నారా?" అంటూ రెండు టీ కప్పులతో ఆమె వెనుక నిలబడ్డాడు. "కానియ్, చూపించు."

చిన్ని చిత్రాన్ని ఆడించింది. దర్జీ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. మూడో నిమిషంలో ఆమె భుజం మీద వేడిగా ఏదో పడింది. వెనక్కి తిరిగింది. నిచ్చెన చేతిలో కప్పు పక్కకు ఒరిగి ఉంది. టీ అతడి వేళ్ల మీదుగా ధారగా కారుతోంది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. అతడి కళ్లు తెర మీదే ఉన్నాయి. పెదవులు మాత్రం నేరేడుపండు రంగుకు తిరిగాయి.

ఆమె చిత్రాన్ని ఆపింది. నిచ్చెన నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఎగశ్వాస తీసుకున్నాడు.

"ఏమైందిరా?"

"ఏమో... కదలకూడదనిపించింది." కాలిన వేళ్లను చూసుకుని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఎవరో చెప్పినట్టు."

నిద్ర చాలక అలా అయిందని ఇద్దరూ సర్దిచెప్పుకున్నారు. సాయంత్రం చిత్రాన్ని అందజేశారు.

మరునాటి మధ్యాహ్నం, చిత్రం చూపించమని అమ్మ అడిగింది. వంటగది బల్ల దగ్గర చిన్ని ల్యాప్‌టాప్ తెరిచి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు తగిలించి, పాలు పొంగకుండా స్టవ్ వైపు తిరిగింది. తిరిగి చూసేసరికి అమ్మ ముఖంలో ఎనిమిది నెలలుగా కనపడని ప్రశాంతత ఉంది. చిన్నికి కళ్లు చెమర్చాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. అమ్మ రొమ్ము ఎగరడం లేదు. పడడం లేదు.

హెడ్‌ఫోన్లు లాగేసింది. అమ్మ దగ్గుతూ బల్ల అంచు పట్టుకుంది. ఊపిరి అందగానే ఆమె అన్న మొదటి మాట: "ఎందుకు తీశావే?"

"అమ్మా, నీకు ఊపిరి ఆడడం లేదు!"

"వాడు పక్కనే ఉన్నాడే. నా భుజం పక్కనే... బిగబట్టుకుని. చిన్నప్పుడు మంచం కింద దాక్కున్నప్పుడు ఉండేవాడే, అలాగ."

చిన్ని ల్యాప్‌టాప్ మూసేసింది. చిత్రాన్ని వెనక్కి తీసుకుంటానంది. అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో అంత బలం ఎక్కడిదో!

"ఒక్కసారి పెద్ద హాల్లో వినాలి తల్లీ. ఒక్కసారే. నిన్ను ఇంకేమీ అడగను."

ఉత్సవం వాళ్లకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. రెండు రోజులు ఫోను చేతిలోనే ఉంది. ఆ రెండు రోజులూ అమ్మ కడుపు నిండా తింది. చిన్ని ఫోను చేయలేదు.

ఉత్సవం హాలులో డెబ్బై కుర్చీలున్నాయి. మధ్యాహ్నం మూడు గంటల ఆటకు అన్నీ నిండాయి. తడి కోట్ల వాసన, నారింజ తొక్కల వాసన. కుర్చీల కిర్రుకిర్రులు, దగ్గులు, వెనక వరుసలో పిల్లల కిచకిచలు. అమ్మ రెండో వరుసలో, చిన్నికీ నిచ్చెనకూ మధ్య కూర్చుంది. నిచ్చెన చెవుల్లో దూది పెట్టుకుని వచ్చాడు. చిన్ని చూసి ఊరుకుంది.

దీపాలు ఆరిపోయాయి. తెర మీద అన్నయ్య పేరు పడింది. అమ్మ చిన్ని చేతిని నొక్కింది.

మొదటి నిమిషంలో ఎవరో దగ్గారు. రెండో నిమిషంలో ఒక కుర్చీ కిర్రుమంది. ఆ తరువాత... ఏమీ లేదు.

డెబ్బై మంది ఉన్న చీకటి ఎంత నిశ్శబ్దంగా ఉన్నా, అందులో ఏదో ఒక అలికిడి ఉంటుంది. బట్టలు రాసుకుంటాయి. ఎవరో గుటక వేస్తారు. ఇక్కడ అదేదీ లేదు. చిన్ని మెల్లగా తల తిప్పింది. ముందు వరుసలో ఒక పాప నారింజ తొనను నోటి దాకా తెచ్చి ఆపేసింది. తొన రసం మోచేతి దాకా కారుతోంది. పాప కళ్లు తెరిచే ఉన్నాయి. ఎవరూ కళ్లు ఆర్పడం లేదు.

నిచ్చెన చెవిలోని దూది ఒళ్లో పడి ఉంది.

లేవాలనుకుంది. కాళ్లు లేవలేదు. అరవాలనుకుంది. అప్పుడు తెలిసింది, తానూ ఊపిరి తీసుకోవడం లేదని. ఎప్పటి నుంచో... తెలియదు. రొమ్ము లోపల ఎవరో అరచేత్తో అదిమి పట్టినట్టుంది. ఆ అరచేయి కోపంగా లేదు. ఓపికగా ఉంది. పని చెడకూడదన్నంత ఓపికగా.

నాలుగు నిమిషాలు... ఇంకా ఏడు ఉన్నాయి.

ఎవరో 'చాలు' అనాలి. అనవలసినవాడు లేడు. వాడి మాటను తానే కోసి పారేసింది.

పక్కన అమ్మ చిరునవ్వు నవ్వుతోంది. ఈ మాట అంటే ఆ నవ్వు ఉండదు. చిన్నికి అది తెలుసు. పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. అదీ కనిపిస్తోంది.

"చా..." గాలి లేని గొంతులోంచి మాట రాలేదు. నాలుక కొరుక్కుంది. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. "చాలు... అన్నయ్యా, చాలు! ఇక ఊపిరి పీల్చుకోండర్రా!"

హాలంతా ఒక్కసారిగా బుస్సుమంది. డెబ్బై ఎగశ్వాసలు. పాప ఏడుపు అందుకుంది. కుర్చీలు దొర్లాయి. ఎవరో తలుపులు బార్లా తెరిచారు, ఇంకెవరో ఆట ఆపి దీపాలు వేశారు. ఉత్సవ నిర్వాహకుడు, రొప్పుతూనే, లోపల గాలి ఆడించే యంత్రం చెడిపోయిందనీ, క్షమించాలనీ ప్రకటించాడు. జనం నమ్మారు. నమ్మడమే సుఖం కదా.

అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చిన్ని ఆమె బుగ్గలు తడిమింది. వెచ్చగానే ఉన్నాయి.

"అమ్మా?"

అమ్మ లేచి నిలబడింది. "పదవే, జనం తోసుకొస్తున్నారు" అంది, మామూలుగా.

వీధిలో చలి కత్తిలా ఉంది. హాలులోంచి వచ్చినవాళ్లంతా గుంపులుగా నిలబడి దగ్గుతున్నారు. ఒక్కొక్కరి నోటి ముందూ తెల్లటి ఆవిరి. నిచ్చెన అమ్మకు చేయి అందించాడు.

"నువ్వు కాస్త వంగితే గానీ నీ చేయి నాకు అందదు కదురా నిచ్చెనా!" అని అమ్మ పకపకా నవ్వింది. ఎనిమిది నెలల తరువాత గొంతెత్తి నవ్విన నవ్వు. ఆపకుండా మాట్లాడింది. దర్జీ బాగా చేశాడంది. ముందు వరుస పాప ముద్దుగా ఉందంది. రేపు పిల్లాడి గది తలుపులు తెరిచి, దుప్పట్లు ఉతకాలంది. చిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ మాటలకు అవుననడానికి అమ్మ ముఖం వైపు తిరిగింది.

నిచ్చెన నోటి నుంచి ఆవిరి వస్తోంది. తన నోటి నుంచీ వస్తోంది.

అమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఆమె పెదవుల ముందు గాలి అద్దంలా తేటగా ఉంది.