తుప్పు పట్టిన పిన్నీసు

ఉదయం 10.40. హాస్టల్ రెండో అంతస్తు, పదకొండో గది.

మంచం మీద దుప్పటి ఇస్త్రీ చేసినట్టుంది. ముడత లేదు. మనిషీ లేడు.

"రాత్రే పారిపోయాడు," అన్నాడు కెప్టెన్. యూనివర్సిటీలో చదువుకుంటూనే ఆఫీసర్ ట్రైనింగ్ తీసుకునే నలభై మంది కుర్రాళ్లకు ఆయనే పెద్ద. "తొమ్మిదింటి పరీక్షకు రాలేదు. తొమ్మిదిన్నరకు గది చూశాను. పరీక్ష అని ఇవాళ ఇన్‌స్పెక్షన్ లేదు, పక్క సర్దే పని లేదు. అయినా బెడ్ నలగలేదు. పన్నెండింటికి రిపోర్ట్ మీద సంతకం పెట్టేస్తాను."

ఆ సంతకం పడితే కుర్రాడికి ఇటు ఆర్మీ లేదు, అటు డిగ్రీ లేదు.

గుమ్మంలో తండ్రి. వెల్డర్. చేతులకు ఇంకా మసి ఉంది. "మావాడు పారిపోయే రకం కాదు సార్. వాడికేదో అయింది. సరిగ్గా వెతికించండి."

ఇన్‌స్పెక్టర్ పెద్ద చదువులు లేని మనిషి. కానిస్టేబుల్‌గా చేరి పాతికేళ్లకు ఈ కుర్చీ ఎక్కాడు. కాగితం కన్నా వస్తువునే నమ్ముతాడు.

రాత్రి గేటు కెమెరాలో ఎవరూ బయటికి పోయినట్టు లేదు. అయినా తన మనుషులు రైల్వే స్టేషన్‌లో గాలిస్తున్నారు. అదీ కెప్టెన్ మాట మీదే.

రూమ్మేట్‌ను పిలిచాడు.

"రాత్రి వాడు మంచం మీద ఉన్నాడా?"

"లేడు సార్."

"నువ్వు?"

కుర్రాడు కెప్టెన్ వైపు చూశాడు. "ఉన్నాను సార్."

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందికి తల దూర్చాడు. దుప్పటి అంచుల్ని పరుపు అడుగున పిన్నీసులతో బిగించారు. ఒకటి తీయబోయాడు. రాలేదు. తుప్పు పట్టి గుడ్డకు అతుక్కుపోయింది. లాగితే విరిగి వేలికి గుచ్చుకుంది.

రెండో మంచం కింద కూడా చూశాడు. అవే పిన్నీసులు. అదే తుప్పు.

"కెప్టెన్ గారూ, కాసేపు బయట ఉండండి."

తండ్రిని లోపలికి రమ్మని తలుపు వేశాడు.

"బాబూ, నువ్వు మంచమెక్కి ఎన్నాళ్లయింది?"

కుర్రాడు మూసిన తలుపు వైపు చూశాడు. "నెల దాటింది సార్. రోజూ పొద్దున్నే ఇన్‌స్పెక్షన్. దుప్పటి మడత స్కేలు పెట్టి కొలుస్తారు. డ్రిల్లు, క్లాసులు, చదువు, అన్నీ అయ్యేసరికి మూడు గంటల నిద్ర. ఇంక పక్క సర్దే టైమెక్కడ? అందరం నేల మీదే పడుకుంటాం. తెలిస్తే ఇంటికి పంపించేస్తారు."

"అంటే వాడు రాత్రి ఇక్కడే ఉన్నాడు."

"అయిదుంపావుకు పార తీసుకుని వెళ్లాడు సార్. నిన్న కందకం తవ్వే టెస్టులో లోతు చాలక ఫెయిలయ్యాడు. ఇవాళ సాయంత్రం మళ్లీ ఉంది. ప్రాక్టీసు చేసుకుని అట్నుంచటే పరీక్షకు పోతానన్నాడు."

"పరీక్షకు రాలేదని తెలిశాకైనా చెప్పొచ్చు కదరా."

"నోరు విప్పితే నలభై మందికీ మూడుతుంది సార్." వాడు ఏడ్చేశాడు.

"ఎక్కడ తవ్వుతారు?"

"క్యాంపస్ చివర, తుపాకీ ప్రాక్టీసు చేసే ఫైరింగ్ గట్టు వెనక. సాయంత్రం దాకా అటు ఎవరూ పోరు."

10.58. ఇన్‌స్పెక్టర్ పరుగు తీశాడు. రెండో మలుపులో తండ్రి ఆయన్ని దాటిపోయాడు.

అక్కడ కందకం లేదు. నిన్నటి వానకు నానిన మట్టి కూలి ఉంది. పార పిడి జానెడు బయటికి పొడుచుకొచ్చింది. దాని పక్కనే తల. భుజాల దాకా మట్టి. పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. ఎన్ని గంటలు అరిచాడో.

తండ్రి గోళ్లతో తవ్వాడు. "నాన్నా, కళ్లు తెరువురా. నేనొచ్చాన్రా."

కెప్టెన్ వగరుస్తూ వచ్చాడు. "బెడ్ నలగలేదు కదండీ. మీకెలా..."

ఇన్‌స్పెక్టర్ విరిగిన పిన్నీసు ఆయన అరచేతిలో పెట్టాడు.

"నలగంది ఒక్క రాత్రి కాదు, నెల రోజులు. రెండు మంచాలూ అంతే. పైన స్కేలు పెట్టి కొలిచారు, కిందికి ఒక్కసారి వంగి చూడలేదు. వీళ్లు నేల మీద పడుకుంటారని తెలిస్తే వీడు పొద్దున పోయాడని తెలిసేది. మట్టిలో ఉన్నవాణ్ణి రైల్వే స్టేషన్‌లో వెతికించారు."



11.20. కుర్రాడు కళ్లు తెరిచాడు. తండ్రిని చూడలేదు. ఎదురుగా మెరుస్తున్న కెప్టెన్ బూట్లను చూశాడు. సెల్యూట్ చేయబోయాడు. చెయ్యి మట్టిలోంచి రాలేదు.

"సార్," అన్నాడు, వినీ వినబడకుండా. "నా బెడ్ ఎవరూ ముట్టుకోలేదు కదా?"