ఖాళీ హాలు ఫోటో

బిష్కెక్‌లో రైలు పట్టాలకి ఇవతల ఒక పాత కుట్టు ఫ్యాక్టరీ ఉంది. మిషన్లు ఎప్పుడో అమ్మేశారు. ఇప్పుడందులో డిజైన్ కాలేజీ నడుస్తోంది. పగలంతా పిల్లల గోలతో మార్కెట్‌లా ఉంటుంది. చీకటి పడ్డాక మాత్రం మూడో అంతస్తు చివరి హాల్లోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు.

ఆ హాలుకి మంచి పేరు లేదు. సోవియట్ రోజుల్లో అక్కడ సైనికులకి చలికోట్లు కుట్టేవారట. చివరి కిటికీ పక్కన కూర్చునే ఒకామె ఒక రాత్రి కుడుతూ కుడుతూనే మిషను మీద తల వాల్చేసింది. కునుకు తీస్తోందనుకున్నారు. తెల్లారి షిఫ్టు ముగిసి అందరూ లేచారు... ఆమె లేవలేదు. అప్పట్నించీ ఆ కిటికీ దగ్గర ఎవరో కూర్చునే ఉంటారని, లైటు తీసేస్తే తెలుస్తుందని చెప్పుకుంటారు.

ఈ కథ నాకు చెప్పింది ఆ కాలేజీ వాచ్‌మన్ సగిన్. పిల్లలకీ పంతుళ్ళకీ కూడా ఆయన సగిన్ బైకేనే. అన్నయ్య అన్నట్టు ఆ పిలుపు. ఆయన మాటల్లో సగం కోతలని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. అందుకే సగం తీసేసి మిగిలిందే చెబుతున్నాను.

ఇది జరిగిన ఏడు కాలేజీ చివరి సంవత్సరంలో సాయ్‌కల్ అనే అమ్మాయి ఉండేది. వాళ్ళది కంప్యూటర్‌కి ప్రోగ్రాం రాసి బొమ్మలు ఆడించే చదువు. మనం కదిలితే బొమ్మ కదలాలి, మనం ఆగితే ఆగాలి. పరీక్షకి ఇద్దరిద్దరు జతగా ఒక పని చేసి చూపించాలి. సాయ్‌కల్‌కి జత సెజిమ్. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే కెటిల్, చలికాలంలో ఒకే మఫ్లరు కూడాను.

ఇద్దరూ కలిసి ఒక గోడ తలపెట్టారు. షిర్దాక్ కంబళ్ళ మీద కుడతారే, పొట్టేలు కొమ్ముల ముగ్గు... ఆ కొమ్ములు కిటికీలకి ఎదుటి గోడంతా వెలుగులో తేలుతూ ఉంటాయి. హాల్లోకి మనిషి రాగానే పైనున్న కెమెరా చూస్తుంది. కొమ్ములన్నీ పరుగున వచ్చి, ఆ మనిషికి ఎదురుగా, అతను ఎలా ఉన్నాడో అదే ఆకారంలో గోడ మీద పోగవుతాయి. మనిషి చెయ్యెత్తితే ముగ్గూ చెయ్యెత్తుతుంది.

ఫిబ్రవరిలో కెమెరా బిగించారు. మార్చిలో సెజిమ్ నరిన్‌లో ఉన్న వాళ్ళింటికి బయల్దేరింది. కనుమ దగ్గర మంచు మీద వ్యాను జారింది.

సెజిమ్‌తో పాటే ఆమె లాప్‌టాపూ పోయింది. ఆమె రాసిన ప్రోగ్రాం అంతా అందులోనే ఉంది. సాయ్‌కల్ ఏడుస్తూనే మొదట్నించీ మళ్ళీ రాసుకుంది.

మధ్యలో ఒకసారి సెజిమ్ తల్లి ఫోన్ చేసింది. సాయ్‌కల్‌కీ ఆమె అపానే, అంటే అమ్మే. ఎక్కువ మాట్లాడలేదు.

"ఆ పరీక్ష కాగితం మీద దాని పేరు కూడా వేస్తారా తల్లీ? గోడకి పెట్టుకుంటాను."

"వేస్తారు అపా," అనేసింది సాయ్‌కల్, ముందూ వెనకా చూసుకోకుండా.

కానీ పాఠం చెప్పే తుర్గునై ఒప్పుకోలేదు. పిల్లలకి ఆమె ఎజె, అంటే అక్క. చెడ్డ మనిషి కాదు, రూలు మనిషి. "నాకు మాత్రం బాధ లేదా? రేపు కమిటీవాళ్ళు అడుగుతారు, ఇందులో ఆ అమ్మాయి చేసిందేదీ అని. వేలుపెట్టి ఒక్కటి చూపించు, పేరు ఉంచుతాను. చూపించలేకపోతే కొట్టెయ్యక తప్పదు."

సాయ్‌కల్ ఏం చూపిస్తుంది? అందులో ప్రతి ముక్కా తను రాసిందే. ఆ తల్లికి ఇచ్చిన మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కమిటీ రేపనగా ఆ రాత్రి ఆమె ఒక్కతే మూడో అంతస్తుకి వెళ్ళింది. లైట్లు తీసేసింది. ప్రొజెక్టర్ వేసింది. గోడ మీద కొమ్ములు తేలడం మొదలుపెట్టాయి. తను కెమెరా వెనక కంప్యూటర్ దగ్గర కూర్చుంది. హాల్లో ఇంకెవరూ లేరు కాబట్టి కొమ్ములు ఊరికే తేలాలి, అంతే.

తేలుతున్నాయి... కాసేపు.

తర్వాత ఒక కొమ్ము పక్కకి జరిగింది. దాని వెనక ఇంకోటి. ఆ వెనక గుంపు గుంపంతా గోడ చివరికి, ఆఖరి కిటికీకి ఎదురుగా వెళ్ళసాగింది.

సాయ్‌కల్ కిటికీ వంక చూసింది. కిటికీ గట్టు మీద వీధిదీపం వెలుగు పడుతోంది. ఎవరూ లేరు.

మళ్ళీ గోడ వంక చూసింది. ముందు తల తేలింది. తర్వాత భుజాలు. కిందకి వేలాడుతున్న కాళ్ళు...

గట్టు మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

ఆమె బల్ల ఎక్కి కెమెరాకి అరచెయ్యి అడ్డం పెట్టింది. గోడ మీద కొమ్ములు చెదిరిపోయాయి. చెయ్యి తీసింది. మళ్ళీ ఒక్కొక్కటే వచ్చి... అక్కడే, అలాగే కూర్చున్నాయి.

వెనక తలుపు కిర్రుమంది. సగిన్ బైకే, చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఇంకా పొగలు పోని బోర్సోక్‌లు. "లైటేసుకుని ఏడవొచ్చుగా అమ్మాయ్. ఇవిగో, వేడి మీద రెండు తి—"

గోడని చూశాడు. కిటికీని చూశాడు. మళ్ళీ గోడని చూశాడు.

"ఆమే..." అన్నాడు గొంతు దిగిపోయి. "కోట్లు కుట్టే ఆమె."

"నేను నమ్మను బైకే."

"నువ్వు నమ్మకపోతే ఆమె లేచి వెళ్ళిపోతుందా?"

ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు, ఎందుకో తెలియకుండానే.

"తప్పు నాదే," అన్నాడాయన. "ఇవాళ గురువారం కదా. మా ఇంటిది పోయినప్పట్నించీ వారం వారం దాని పేరు మీద నూనె కాచి నాలుగు పిండిముద్దలు వేయిస్తాను. వాసన పోయినవాళ్ళకి చేరాలి. మెట్ల మీదుగా పైకి కొట్టినట్టుంది. దాన్ని పిలిస్తే ఈవిడ వచ్చింది."

సాయ్‌కల్ ఆ ఆకారాన్నే చూస్తోంది. రెండు చేతులూ మోకాళ్ళ కింద పెట్టుకుని, తల ఒక భుజం మీదకి వాల్చి... చలికి అలా కూర్చునేది ఒక్కతే. రెండేళ్ళు ఒకే గదిలో ఉన్న మనిషిని పోల్చుకోలేకపోతుందా?

భయం ఎటు పోయిందో పోయింది.

"సెజిమ్," అంది.

"ఎవరూ?" అన్నాడు సగిన్ బైకే.

ఆ మరుక్షణమే సాయ్‌కల్‌కి వెలిగింది. నుదురు కొట్టుకుంది, నవ్వింది, చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది. సగిన్ బైకేకి ఈ పిల్లకి మతిపోయిందనిపించింది.

"దెయ్యం కాదు బైకే. పొరపాటు. మా క్లాసులో ప్రతివాడూ ఒక్కసారైనా చేసే పొరపాటు."

ఆమె చెప్పింది ఇదీ. కెమెరాకి మనిషంటే ఏమిటో తెలియదు. అందుకని ముందు ఖాళీ హాలు ఫోటో ఒకటి తీసి దాని చేతికిస్తారు. ఆ ఫోటోకీ, ఇప్పుడు కళ్ళెదురుగా ఉన్నదానికీ ఎక్కడ తేడా వస్తే అక్కడ మనిషి ఉన్నట్టు అది లెక్కేసుకుంటుంది. ఆ ఫోటో తీసేటప్పుడు ఎవరూ అడ్డం ఉండకూడదు. ఉన్నారో, అంతే సంగతులు. వాళ్ళు లేచి వెళ్ళాక కూడా వాళ్ళు కూర్చున్న చోటు తేడాగానే కనిపిస్తుంది. అక్కడ ఖాళీ తప్ప ఏమీ లేకపోయినా, ఆ ఖాళీనే మనిషనుకుంటుంది.

"కొత్త ఫోటో తియ్యడం మర్చిపోయాను. ఈ హాలు కంప్యూటర్లో ఫిబ్రవరిలో తీసిన పాతది ఉండిపోయింది, దాన్నే వాడేస్తోంది. ఆ రోజు నేను నిచ్చెనెక్కి కెమెరా బిగిస్తుంటే సెజిమ్ ఆ గట్టు మీద కూర్చుని నన్ను ఏడిపిస్తూనే ఉంది. దిగవే అంటే దిగలేదు. ఫోటోలో పడిపోయుంటుంది. అది అక్కడ లేదు కాబట్టి... అక్కడ కనపడుతోంది."

సగిన్ బైకే పళ్ళెం బల్ల మీద పెట్టాడు. ప్రాణం కుదుటపడి ఒక బోర్సోక్ నోట్లో వేసుకున్నాడు. "ఇంతోటి దానికి నా చేత కలిమా చదివించావు."

"ఇంతోటిది కాదు బైకే." సాయ్‌కల్ గోడ వైపు తిరిగింది. "రేపు దీన్నే చూపిస్తాను. కొత్త ఫోటో తియ్యను. సెజిమ్ చేసిందేదీ అంటే ఇదిగో అని వేలుపెట్టి చూపిస్తాను. ఆ ఫోటో, అందులో అది కూర్చోవడం, ఇప్పుడు ఈ ఖాళీ... ఇదంతా దానిదే. ఎవరు కాదంటారో చూస్తాను."

అన్ని నెలల తర్వాత ఆ పిల్ల ముఖంలో మొదటిసారి కళ కనిపించిందని సగిన్ బైకే అంటాడు. ఈ మాట మాత్రం నేను తీసెయ్యలేదు.

"రండి, చూపిస్తాను. ఎలా ఉండేదో మీకే తెలుస్తుంది."

పాత ఫోల్డరు వెతికింది. ఫిబ్రవరి ఫోటో తెరిచింది. తెర నిండా ఇదే హాలు. కిటికీల బయట తెల్లగా మంచు. ఆఖరి కిటికీ... ఆమె దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది.

సగిన్ బైకే నమలడం ఆపేశాడు.

"ఇందులో ఎవరూ లేరమ్మా," అన్నాడు.

గట్టు శుభ్రంగా ఉంది. దాని మీద మంచు వెలుగు తప్ప ఏమీ లేదు. ఆ రోజు సెజిమ్ దిగే ఉంటుంది, మాట వినే ఉంటుంది. ఫోటోలో హాలు ఖాళీగా, ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఇద్దరూ తెర మీంచి తల ఎత్తలేదు, చాలాసేపు. ఎత్తితే గోడ చూడాలి.

చివరికి సాయ్‌కలే ఎత్తింది. ముగ్గు అక్కడే ఉంది. మోకాళ్ళ కింద చేతులు, భుజం మీద తల.

"పద," అన్నాడు సగిన్ బైకే, ఆమె చొక్కా పట్టుకుని. "పద తల్లీ, ఇక్కడ మనకి పని లేదు."

"మీరు వెళ్ళండి బైకే."

తను వెళ్ళలేదని, గుమ్మంలోనే నిలబడ్డానని ఆయన అంటాడు. మెట్ల మీద ఉండి ఉంటాడని నా అనుమానం. ఏమైతేనేం, మాటలు మాత్రం విన్నాడు.

సాయ్‌కల్ కిటికీ వైపు రెండడుగులు వేసింది. గట్టు మీద ఏమీ లేదు. గోడ మీద ఇప్పుడు రెండు ముగ్గులున్నాయి. ఒకటి కూర్చుని, ఒకటి నిలబడి.

"పొద్దున కమిటీ వస్తోంది," అంది మెల్లగా. "నీ పేరు కొట్టేస్తామంటున్నారే. మీ అమ్మకి నేను మాటిచ్చాను... ఒక్క పూట ఉండు. ఇంకేమీ అడగను."

అప్పుడు ఆ ముగ్గు తల ఊపిందని సగిన్ బైకే ఒట్టేసి చెబుతాడు. సాయ్‌కల్‌ని అడిగితే మాట మార్చేస్తుంది.

పొద్దున కమిటీ వచ్చింది. తుర్గునైతో పాటు పై ఊరినించి వచ్చిన ఇద్దరు పరీక్షకులు. కిటికీ అద్దాలకి నల్ల తెరలు కట్టారు. ముగ్గురూ గోడ ముందు చేతులూపారు, ఒంగారు, చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. తర్వాత పక్కకి తప్పుకుని కుర్చీల్లో కూర్చున్నారు. హాలు ఖాళీ అయింది.

కొమ్ములు ఆఖరి కిటికీకి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాయి.

తుర్గునై కళ్ళజోడు సర్దుకుంది. లేచి వెళ్ళి తెర వెనక చూసింది. గట్టు మీద చెయ్యి వేసి తడిమింది. గోడ మీద ఆమె చెయ్యి ఆ ముగ్గు ఒళ్ళో ఉంది.

"ఇక్కడెవరూ లేరు కదా. ఈ ముగ్గు ఎందుకొచ్చింది?"

"అది సెజిమ్‌ది ఎజె," అంది సాయ్‌కల్.

"ఆమె చేసిందా? ఎలా చేసింది?"

"నాకు చెప్పలేదు ఎజె."

తుర్గునై ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధమాడే పిల్లల్ని ఎంతమందిని చూసి ఉంటుంది ఆమె. ఇంకేమీ అడగకుండా వచ్చి కూర్చుంది. కాగితం ముందుకి లాక్కుని, సాయ్‌కల్ పేరు కింద సెజిమ్ పేరు రాసింది, ఇంటిపేరుతో సహా.

రాసి కలం పక్కన పెట్టింది. గోడ మీద ముగ్గు గట్టు దిగింది.

ఒక్కొక్క కిటికీ దాటుకుంటూ, తొందర లేకుండా గోడ పొడుగునా నడిచింది. తలుపు దగ్గర ఒక క్షణం ఆగింది. తర్వాత కొమ్ములన్నీ దేనికది విడిపోయి గోడంతా తేలాయి.

పరీక్షకులిద్దరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత మంచి ముగింపు ఎవరూ చెయ్యలేదన్నారు. సాయ్‌కల్ అప్పటికే తలుపు తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. పేరు పెట్టి పిలిచింది కూడా. ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.