సంచి కట్టిన పువ్వులు

చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే మన్నాన్ జేసీబీ డ్రైవర్‌కు ఫోన్ చేసి అరుస్తున్నాడు. "పర్వతాలూ, యాడున్నవ్‌ర బై? తూంకుంట దాటినవా లేదా? పొద్దెక్కుతాంది!"

ఆ కేక పొయ్యి దగ్గరున్న అతని భార్య కుల్సుమ్‌కు వినబడింది. జేసీబీ వచ్చిందంటే మధ్యాహ్నానికల్లా చేను గట్టున పొదలుండవు. తంగేడు, రేగు, వాటి కొమ్మలకు పట్లు పెట్టుకున్న తేనెటీగలు, అన్నీ పోతాయి. ఇదంతా తన చేతులారా చేసిందే. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

పక్క భూమిలో ఇళ్ళ ప్లాట్ల వెంచర్ పడ్డప్పటి నుంచీ మన్నాన్‌కు ఆ పొదల మీదే కన్ను. పడావుగా, బీడులా కనిపిస్తే వెంచర్‌వాళ్ళు హద్దు జరుపుతారని భయం. అవి కొట్టేసి రాతి కడీలు పాతి, మిగిలిన జాగాలో ఇంకో కాకర పందిరి వేస్తానన్నాడు. వ్యవసాయ కాలేజీలో పెద్ద చదువు చదివే కూతురు నజ్‌నీన్ అడ్డుపడింది.

"గా పొదల్ల ఈగలతోనే మన కాకర కాస్తదేమో అబ్బాజాన్. ఈ వానాకాలం పరీక్ష పెట్టి చూస్త. తేలినంక నీ ఇష్టం."

మన్నాన్ సరేనన్నాడు.

పరీక్షలో మాయేమీ లేదు. విచ్చబోయే ఆడ పువ్వులు కొన్నింటికి, ఈగ దూరకుండా, సాయంత్రమే పల్చటి గుడ్డ సంచులు కట్టాలి. కొన్నింటిని వదిలేయాలి. సంచుల్లోవి రాలిపోయి, బయటివి పిందె కడితే అది ఈగల పనేనని తేలినట్టు. నజ్‌నీన్ సంచులు కట్టి, మర్నాడు చీకటితోనే కాలేజీ బస్సెక్కేది.

ఈ లెక్క కుల్సుమ్‌కు ఎవరూ విడమరచి చెప్పలేదు. బిడ్డ ముచ్చటగా కట్టిన సంచుల్లో పువ్వులు వాడి రాలడం చూసి, పాపం పరీక్ష తప్పుతుందేమోననుకుంది. పెరటి గుమ్మడికి చేసినట్టే, తెల్లారగానే మగ పువ్వులు తెంపుకుపోయి, సంచి విప్పి, ఆడ పువ్వుకు అద్ది, మళ్ళీ కట్టేసింది. సంచుల నిండా పిందెలే!

పోయిన వారం కాలేజీ సారు చలపతిరావు వచ్చి చూసి నెత్తి గోక్కున్నాడు.

"ఎవరైనా సంచులు విప్పారా అమ్మాయ్?"

"మా ఇంట్లో ఎవరూ ముట్టరు సర్," అంది నజ్‌నీన్, ధీమాగా.

చాయ్ అందిస్తున్న కుల్సుమ్‌కు అసలు సంగతి అప్పుడు అర్థమైంది. నోరు విప్పితే బిడ్డ ఏడాది కష్టం గంగపాలు. విప్పకపోతే పొదలు పోతాయి. అక్కడితోనూ ఆగదు. ఈగలతో కాకరకు పనిలేదని రేపు శామీర్‌పేటలో సారు రైతులందరికీ చెప్పబోతున్నాడు. ఎన్ని చేన్ల గట్లు బోడిగుండ్లవుతాయో! వారం రోజులుగా ఆమె తన ఇంట్లోనే తప్పించుకు తిరుగుతోంది. బిడ్డ ఎదురుపడితే చీపురు పట్టుకుంటుంది, మొగుడు పిలిస్తే ఉలిక్కిపడుతుంది.

జేసీబీ రానే వచ్చింది. తండ్రీకూతుళ్ళు గట్టు మీదున్నారు.

"సూసినవా బేటీ?" మన్నాన్ మీసం దువ్వాడు. "నీ సదువే జెప్పింది, నేను గాదు."

నజ్‌నీన్ తల దించుకుంది. యంత్రం తొండం లేచింది. కుల్సుమ్ కొంగు దోపుకుని పొదలకు అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"జరుగమ్మా, బక్కెట్ తాకుతది!" పర్వతాలు కేకేశాడు.

"దిమాక్ ఖరాబైందా కుల్సుమ్?" అరిచాడు మన్నాన్.

"సంచులు నేనే విప్పిన," అంది కుల్సుమ్. "పొద్దుగాల పొయ్యి, నేనే పువ్వు అద్దిన."

"అయితె తేనెటీగవు నువ్వేనాయె!" మన్నాన్ నోరు వెళ్ళబెట్టాడు. పర్వతాలు పగలబడి నవ్వాడు.

నజ్‌నీన్ నవ్వలేదు. "అన్నిటికా అమ్మీ?"

"ఒక్కటి గూడ రాలనియ్యలే బిడ్డా."

నజ్‌నీన్ ఫోన్ తీసింది. "సర్, మా లెక్క తప్పు. రేపు రైతులకు చెప్పకండి... అవును సర్, మళ్ళీ మొదటి నుంచి." ఇంకెవరినీ చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మన్నాన్ పొదల వైపు తిరిగాడు. "లెక్క తేలలే గద, తేలేదాక మాటంటె మాటే. పర్వతాలూ, పొదలకు అవతలి దిక్కు గుంతలు దియ్యి. కడీలు హద్దు మీదనే పాతుకుంట."

లోపల కుల్సుమ్ బిడ్డ పక్కన కూలబడింది. "నీ యేడాది మింగిన. తిట్టు, గట్ల బెల్లం గొట్టిన రాయోలె కూసోకు."

"రాలిపోవుడే నాకు గావాల్సిన జవాబు అమ్మీ. రాలితే నేను ఓడిపోయినట్టు గాదు."

బిడ్డ నడక నేర్చిన నాటి నుంచీ, పడకముందే పట్టుకుంటూ వచ్చింది కుల్సుమ్. పట్టుకోవాలా అని అడిగింది ఎప్పుడు?

"మల్ల పంటకు గూడ సంచులు గడతవా?"

"కడత."

"అవి రాలుతాంటె సూస్కుంట ఊకోవాల్నా?"

"ఊకోవాలె."

"నాతోని గాదు బిడ్డా."

"అయితె ఆ దిక్కే రాకు!" నజ్‌నీన్ అరిచింది. అరిచి నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే బావురుమంది.

కుల్సుమ్ చెయ్యి బిడ్డ తల దాకా పోయి ఆగింది.

"నిమరాల్నా?" అని అడిగింది.

నజ్‌నీన్ ఆ చేతిని తనే లాక్కుని నెత్తిన పెట్టుకుంది.