గుండం తొక్కిన కాలు

"మోకాలి కిందికి కాలు తీసెయ్యాలమ్మా! ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు..."

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ ఆ మాట అనగానే అండాలు మొగుడి మంచం పట్టెను గట్టిగా పట్టుకుంది. మంచం మీదున్న జంగయ్య, పెళ్లాం ముఖం చూడలేక గోడవైపు తిరిగాడు.

"కుంటోడినై మన కోస్గికి రాను. నన్ను సావనియ్యుండ్రి!"

మొహర్రంలో పీరీల పండుగకు ఏటా నిప్పుల గుండం తొక్కడం అతని మొక్కు. ఈసారి కణకణలాడే నిప్పుల మీద నడిచినా చురుక్కుమనలేదు! పీరు మహిమేనని ఊరంతా చేతులెత్తి మొక్కింది. చక్కెర జబ్బుతో పాదాలు మొద్దుబారాయని ఎవరికి తెలుసు? బొబ్బలు పుండయ్యాయి, పుండు కుళ్లింది. అత్త సుక్కమ్మ మాత్రం కోడలినే ఆడిపోసుకుంది.

"అంటుముట్టు సూడక వండితివి! పీరుకు కోపమొచ్చె. నా కొడుకును మింగుతున్నవు కదనే!"

పుండు కడగడం, తిట్లు పడడం... అండాలుకు అదే బతుకైపోయింది. దవాఖానలోనూ సుక్కమ్మ అదే పాట ఎత్తుకుంటే డాక్టరమ్మ వారించింది.

"ఆమె తప్పేం లేదమ్మా! ఒంట్లో చెత్తను మింగే కణాలుంటాయి. చెత్తను పట్టుకోవడానికి వాటి మీద కొక్కేల్లాంటివి ఉంటాయి. ఆ కొక్కేలను తయారుచేసే జన్యువు కొందరిలో వేరుగా ఉంటుంది. అలాంటివాళ్లకు షుగరొస్తే పుండ్లు మానక మరింత చేటు జరుగుతుందా అని పరిశోధనలు చేస్తున్నారు. జన్యువులు తల్లిదండ్రుల నుంచి వస్తాయి. మీ వాళ్లలో ఎవరికైనా ఇట్లా పుండ్లు మానలేదా?"

సుక్కమ్మ ముఖం పాలిపోయింది.

"మా నాయినకు... మా తమ్మునికి... కాళ్లు కుళ్లే పానం పోయింది. అయితే నేనే ఇచ్చిన్నా డాక్టరమ్మా? నా కొడుక్కు నేనే ఇచ్చిన్నా?"

"అదే కారణమని ఖాయంగా చెప్పలేమమ్మా..."

ముసలామె వినిపించుకోలేదు. గోడకు తల కొట్టుకోబోయింది! తిరిగి అనాలంటే అండాలుకు నోటినిండా మాటలున్నాయి. పాడు మనసు, జాలే పడింది. పరుగున వెళ్లి అత్తను పొదివి పట్టుకుంది.

"కావాలని ఇచ్చినవా అత్తమ్మా! నీ నెత్తురే లేకుంటే నాకు పెనిమిటి యాడికెల్లి వస్తుండె?"

సుక్కమ్మ ఆమె చేతులు పట్టుకుని వలవల ఏడ్చింది.

"ఎన్ని మాటలంటి బిడ్డా నిన్ను! నా మాట వాడు ఇనడు. నువ్వే చెప్పు... నా కొడుకును బతికించు తల్లీ!"

అండాలు మంచం దగ్గరికి వెళ్లి, భర్త గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నేను నీ కాలుతోని కాపురం చేసిన్నా? నీతోని చేసిన. గా కాలు పోనియ్యి... నువ్వుండు!"

జంగయ్య తన గడ్డం కింది ఆమె చేతిని పట్టుకున్నాడు.

"తీసెయ్యమను..." అన్నాడు చివరికి.

ఇన్నాళ్లూ ఒక్క చుక్క రాల్చని అండాలు, ఆ కాలి మీద పడి బోరుమంది.