కాలు చాపుకునే చోటు

బర్న్లీలో ఆదివారం మధ్యాహ్నం అంటే బయట వాన, వంటింట్లో మాంసం ఉడుకుతున్న వాసన, పెరటి షెడ్లలోకి దూరిపోయిన మగవాళ్ళు. నెవిల్ షెడ్డులో ఒక కిరసనాయిలు పొయ్యి, ఒక టీ కెటిల్, మూడు చలికాలాలు గడిచినా పూర్తికాని ఒక కారు ఉన్నాయి.

అది కిట్ కారు. చట్రం, రేకులు, మరలు పెట్టెల్లో వస్తాయి. బిగించుకోవడం కొన్నవాడి ఖర్మ. ఇంజిన్ మాత్రం ఏ పాత కారులోంచో పీకి తెచ్చుకోవాలి. ఆ పాత కారు ఎలా పోయిందని అడగకూడదు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరిలోనూ అదొక పట్టింపు.

నెవిల్‌కి పిచ్చి ముదరడానికి కారణం భార్య ఆడ్రీ. మెట్ల మీంచి జారిపడ్డాక ఆమె ఎడమ మోకాలు వంగడం మానేసింది. కాలు బారుగా చాపితే తప్ప కూర్చోలేదు, అందుకే ఎవరి కారూ ఎక్కలేదు. "నీ కాలి కొలతకే కారు కడతాను, మోర్‌కామ్ సముద్రం చూపిస్తాను" అని మాటిచ్చాడు మహానుభావుడు. మొదట్లో రోజూ అడిగేది. ఈ మధ్య ఆ ఊసే ఎత్తడం లేదు. ఇంతకన్నా తిట్టినా బాగుండునని అతనికి అనిపించేది.

మొదట పెట్టిన ఇంజిన్ మరీ పెద్దది. వెనక్కి పొడుచుకొచ్చి కాళ్ళ చోటంతా మింగేసింది. దాన్ని ఊడదీసి, పాత ఇనుము యార్డు నడిపే లెన్ దగ్గర చిన్నది తెచ్చి బిగించాడు. ఖాళీ అయిన మేరకు ఎడమ సీటుకీ ఇంజిన్‌కీ మధ్యనున్న అడ్డురేకు కోసి, ముందుకు జరిపి అతికాడు. టేపుతో కొలిచాడు. ఆడ్రీ కాలు చాపినా ఇంకా జానెడు మిగలాలి.

ఆడ్రీ చేతికర్ర గోడకి ఆనించి, గొణుక్కుంటూ సీట్లోకి దిగింది. కాలు చాపబోయి ఆగిపోయింది.

"తగులుతోంది."

"తగలదు."

"కాలు నాదా, నీదా?"

నెవిల్ మళ్ళీ కోశాడు. వారమంతా నడుం వంచి మళ్ళీ అతికాడు. ఆమె మళ్ళీ కూర్చుంది, మళ్ళీ తగిలింది. టేపు పెడితే చోటుంటుంది, ఆడ్రీ కాలు పెడితే ఉండదు. అతను అడిగింది వామనుడి అడుగు కాదు, ఒక ముసలావిడ కాలికి సరిపడా చోటు. అది కూడా దొరక్కపోతే మనిషికి ఒళ్ళు మండదూ?

మూడోసారి ఆడ్రీ చాలాసేపు కదలకుండా కూర్చుంది.

"రేకు కాదు నెవిల్. మెత్తగా ఉంది."

"ఇనుము మెత్తగా ఉండటం ఎక్కడైనా విన్నావా? రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క చెప్పు. నా నడుమైనా మిగులుతుంది."

ఆమె మొహం చిన్నబోయింది. కర్ర అందుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. అన్న మరుక్షణమే నెవిల్ నాలుక కరుచుకున్నాడు, కానీ వెనకాల వెళ్ళడానికి అహం అడ్డొచ్చింది.

సంగతేదో తేల్చుకుందామని బూట్లు విప్పి తనే ఆ సీట్లో కూర్చున్నాడు. నాలుగు కాకముందే బయట మసక పడింది. పొయ్యిలో నూనె అయిపోయి మంట నీలంగా కొట్టుకుని ఆరిపోయింది. రేకుల కప్పు మీద వాన తప్ప ఇంకో చప్పుడు లేదు. మెల్లగా ఒక వాసన మొదలైంది. తడిసిన ఉన్ని వాసన, దాని వెనకే వేడెక్కిన రేడియేటర్ నీళ్ళ తియ్యటి కమురు. ఆ ఇంజిన్‌లో అతను ఇంతవరకూ చుక్క నీరు పోయలేదు.

కాళ్ళు చాపాడు. చోటుంది. ఇంకా చాపాడు. ఉంది…

అరికాలికి ఏదో ఆనింది.

చల్లగా ఉంది. మెత్తగా ఉంది. అది కూడా అరికాలే. ఐదు వేళ్ళు… ఒక్కొక్కటే అతని వేళ్ళ మీదికి ముడుచుకున్నాయి. తరవాత మెల్లగా, నిద్రలో పక్కవాణ్ణి జరగమన్నట్టు, వెనక్కి తోసింది.

"ఇరుగ్గా ఉంది…" అని ఎవరో ఇంజిన్ వైపు నుంచి గుసగుసగా అన్నారు.

అతను సీట్లోంచి ఎలా బయటపడ్డాడో అతనికే తెలీదు. మేజోళ్ళతోనే బురదలో పడి ఇంట్లోకొచ్చి లెన్‌కి ఫోన్ చేశాడు.

"ఆ ఇంజిన్ ఏ కారుది?"

"అడక్కూడదని నీకు తెలీదా?"

"లెన్, చెప్పు."

లెన్ గొంతు తగ్గించాడు. "ఎదురుగా గుద్దుకుంది. ఇంజిన్ ఉన్నదున్నట్టు మనుషులు కూర్చునే చోటికొచ్చేసింది. దానికి గీత కూడా పడలేదు, అందుకే నీకిచ్చాను."

"ఎటు పక్కకొచ్చింది?"

"ఎడమ పక్కకి, ఎవరో ఆవిడ కూర్చున్న వైపు" అని లెన్ ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే నెవిల్ తలుపులు బార్లా తెరిచి, వెలుతుర్లో పని మొదలుపెట్టాడు. పెద్ద రేకు తెచ్చి, అడ్డురేకు మొదట ఉన్నచోటే, సీటుకి దగ్గరగా నిలబెట్టి చుట్టూ అతికేశాడు. సందు లేకుండా అతికాడు. మూడు చలికాలాల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది. ఇప్పుడు ఆ సీట్లో చంటిపిల్ల కూడా కాళ్ళు చాపలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి భయంవి కావు. ఆడ్రీకి ఏం చెప్పాలి? సముద్రం లేదని చెప్పాలి. నిన్న అన్న మాటకి క్షమించమని చెప్పాలి.

ధైర్యం కోసం వానలో వీధి చివరిదాకా నడిచి, చెప్పవలసిన మాటలు కూడబలుక్కుని వచ్చేసరికి వంటిల్లు ఖాళీగా ఉంది. షెడ్డులో దీపం వెలుగుతోంది.

ఆడ్రీ కారులో ఎడమ సీట్లో కూర్చుని ఉంది. మంచి కోటు వేసుకుంది, తలకి రుమాలు కట్టుకుంది, ఒళ్ళో టీ ఫ్లాస్కు పెట్టుకుంది. ఏళ్ళ తరవాత ఆ మొహం తేటగా ఉంది.

"నా మీద విసుక్కుంటే విసుక్కున్నావు గానీ, మొత్తానికి సాధించావయ్యా" అంది. "చూడు, ఎంత హాయిగా ఉందో."

నెవిల్ వంగి చూశాడు. ఆమె కాలు మోకాలు వంచకుండా బారుగా చాపి ఉంది. మోకాలి కింద జానెడు దూరంలో అతను అతికిన రేకు ఉంది. అతుకు చెక్కుచెదరలేదు. కాలు మాత్రం అక్కడితో ఆగలేదు, రేకులోంచి అవతలికి పోయింది.

ముందుకి పరిగెత్తి ఇంజిన్ మూత ఎత్తాడు. రేకుకి అవతల ఇంజిన్ ఉంది, ఇంకేమీ లేదు.

"ఆడ్రీ… మెల్లగా కాలు వెనక్కి తీసుకో."

"ఇప్పుడేగా చాపుకున్నాను. పాపం, కాస్త జరిగి చోటిచ్చింది."

"ఎవరు?"

నెవిల్ వెనక నుంచి ఆమె చంకల కింద చేతులేసి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఆడ్రీ మొహంలో మొదటిసారి రంగు తగ్గింది.

"లాగకు నెవిల్" అంది నెమ్మదిగా. "నువ్వు లాగితే, అదీ లాగుతోంది."