వీరన్నకి మిగిలిన మాట

వీరన్నకీ మోహన్‌కీ సముద్రం మీద ఒక్క మాట చాలు: బావ. ఇంజను హోరులో కబుర్లు చెప్పుకోవడం ఎలాగూ కుదరదు. పైగా నీళ్ల మీద మనిషిని పేరు పెట్టి పిలవకూడదని వాళ్ల పేటలో ఆనవాయితీ. సాగదీసి అంటే వల లాగమని, తుంచి అంటే ఆగమని, గొంతులోనే గొణిగితే టీ పొయ్యమని. మోహన్ అంటే వీరన్న పెళ్లాం గురువమ్మకి సొంత తమ్ముడు, ఒక్క కంచంలో తిన్నవాడు. వాడికి అర్థం కాకపోవడమనేది ఎన్నడూ లేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కనబడని చోటినుంచి పిలుపు వస్తే పలకకూడదు. ముందు విన్నవాడు రెండోవాడి చెయ్యి గట్టిగా నొక్కాలి. నోరు మూసుకుని ఒడ్డుకొచ్చెయ్యాలి.

ఆ పొద్దున మంచు దట్టంగా పట్టింది. హార్బరు బయట లంగరేసిన ఓడలు కనబడ్డం లేదు, వాటి కూతలు మాత్రం వినబడుతున్నాయి. మోహన్ గొంతు నొప్పని సైగ చేసి, బయల్దేరిన దగ్గర్నుంచీ పెదవి విప్పలేదు. ఇంజను ఆపి వల వేశారు. కాసేపటికి కూతలూ ఆగిపోయాయి. తడి తుప్పు వాసన... ఎక్కణ్ణుంచో. బోటు అడుగున ఏదో రాసుకుంటూ పోయిన చప్పుడు...

"బావ." వెనకనుంచి మోహన్ గొంతు. కాస్త వల పట్టుకో అన్నట్టు.

"ఆఁ బావ," అన్నాడు వీరన్న అలవాటుగా.

తలెత్తాడు. మోహన్ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. నోరు మూసే ఉంది. చేతులు రెండూ చంకల్లో దాచుకున్నాడు.

నువ్వు ముందే విన్నావు కదరా, అని అడగబోయాడు వీరన్న. "బావ," అని వచ్చింది. అమ్మా అనబోయాడు.

"బావ..."

"మొన్నట్నుంచి నన్నే పిలుత్తంది," మోహన్ గుసగుసగా అన్నాడు. "ఎవులో ఒకులు పలక్కపోతే వదల్దు. నాకు సిన్నపిల్లలున్నారు బావ."

వీరన్నకి భయం కంటే ముందు ఏడుపొచ్చింది. చెయ్యి నొక్కడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటికొచ్చాక అరుగు మీద గురువమ్మ మంచినీళ్లిచ్చింది. "ఏటయ్యిందయ్యా నీకు, అలా సూత్తన్నావు?"

"బావ," అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకుని మళ్లీ అన్నాడు. బతిమాలుతూ అన్నాడు, కోపంగా అన్నాడు. ఆమె మొగుడి ముఖమంతా వెతికింది గాని, ఆ మాటలో ఆమెకేమీ దొరకలేదు.

"ఏటంతన్నాడ్రా?" అని వెనకే వచ్చిన తమ్ముణ్ణి అడిగింది.

మోహన్‌కి ప్రతి ముక్కా అర్థమైంది. నీ తమ్ముడే నన్ను దానికి అప్పజెప్పాడు, నా మాటలన్నీ ఇప్పుడు దాని దగ్గరున్నాయి, ఎవరు పిలిచినా పలక్కు.

"ఆకలేత్తందంట అక్కా," అన్నాడు.

ఆమె లోపలికెళ్లింది. అన్నం గిన్నె మూత తీసిన చప్పుడు. ఆ వెనకే తడి తుప్పు వాసన...

"గురువమ్మా..."

పెరటివైపునుంచి. వీరన్న గొంతే. ఎవరూ లేనప్పుడు అతను పిలిచే పిలుపే.

వీరన్న మోహన్ చొక్కా పట్టుకున్నాడు. "బావ," అన్నాడు. పలకొద్దని చెప్పరా. ఇదొక్కటి చెప్పు. మోహన్ విన్నాడు. తల దించుకున్నాడు.

"మాటొచ్చీసిందా అయ్యా?" లోపల గురువమ్మ గొంతులో సంతోషం. "వత్తన్నా."